సొరకు కొలిచిన లైను

ఆ ఉదయం మీటరు గారు పెట్టుకున్న పనులు మూడే. పదింటికి దుకాణానికి వెళ్ళి, ఒడ్డు మీంచి సొరచేపల్ని పట్టడానికి రాడ్డు, దారం చుట్టుకునే రీలు, లైను అనే ఆ దారం ఎంచుకోవడం. పదకొండింటికి ఆ లైనుని ఆఫీసుకి తెచ్చి కొలవడం. పన్నెండింటికల్లా రిజిస్టరులో రాసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, ఏడాదిగా గుండెల మీద మోస్తున్న కుంపటిని దించుకోవడం. ఇందులో ఎవరైనా వంక పెట్టడానికి ఏముంది చెప్పండి?

ఆయన సముద్ర జీవుల పరిశోధన కేంద్రంలో స్టోర్ కీపరు. ఇరవయ్యారేళ్ళుగా ఆ స్టోరులోకి తాడు వచ్చినా, గొట్టం వచ్చినా, గుడ్డ వచ్చినా ఆయన మీటరు కర్రతో కొలవనిదే లోపలికి రాలేదు, బయటికి పోలేదు. రెండు చివర్లా ఇత్తడి తొడుగులున్న నున్నటి టేకు కర్ర అది. దాని మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. అందరిలా టేపు ఎందుకు వాడరని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు: "టేపు సాగుతుంది, కర్ర సాగదు." సాయంత్రం పని ముగిశాక దాన్ని ఇనప అల్మారాలో నిలబెట్టి తాళం వేసేవారు. అందులో అది అతికినట్టు సరిపోయేది. ఆ కర్ర పుణ్యమా అని ఆఫీసంతా ఆయన్ని మీటరు గారనే పిలిచేది. అసలు పేరు హాజరు పట్టీలో ఉందంటారు గానీ చూసినవాళ్ళు తక్కువ.

అలాంటి మనిషి మీద నింద పడింది. డాక్టరమ్మ అంటే ఆ కేంద్రంలో సొరల మీద పనిచేసే శాస్త్రవేత్త. వాటిని గాలంతో పట్టి, పొడవు కొలిచి, రెక్కకి నంబరు బిళ్ళ తగిలించి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. పోయినేడు ఒడ్డు మీంచి వేసిన గాలానికి ఒక పెద్ద ఆడసొర దొరికినట్టే దొరికి, రీలులో ఉన్న లైనంతా లాగేసుకుని, మొదట్లో ముడి పుటుక్కుమనిపించి పోయింది. ఆరు వందల మీటర్లకి నిండాల్సిన రీలు ఆ లైనుతో నిండలేదని గుర్తుపెట్టుకుని, ఆవిడ నివేదికలో ఒక వాక్యం రాసిపెట్టారు: "స్టోరు ఇచ్చిన లైను ఆరు వందల మీటర్లకు తక్కువగా ఉండటం వల్ల సొర తప్పించుకుంది." ఆ ఆరు వందలూ మీటరు గారు పెద్ద ఉండలోంచి ఒక్కొక్క మీటరే కర్రతో కొలిచి, కోసి ఇచ్చినవి. పైగా, ఇంకో నలభై మీటర్లుంటే అది వెనక్కి తిరిగేదని ఆవిడ కనపడిన వాళ్ళందరికీ చెప్పారు. చేపని పోగొట్టుకున్నది ఆవిడ, పరువు పోగొట్టుకోవలసింది ఈయనా? ఏడాది పాటు ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి అన్నం సయించలేదు.

వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు. ఆ వాక్యం ఫైల్లో అలాగే ఉండిపోతే, ఇరవయ్యారేళ్ళ ఉద్యోగానికి మిగిలేది అదొక్కటే. ఆయన వెళ్ళి మొరపెట్టుకోగా పెట్టుకోగా డైరెక్టరు గారు చివరికి ఒక దారి చెప్పారు. ఫ్యాక్టరీ సీలుతో ఉన్న కొత్త లైను తెప్పించి కర్రతో కొలవాలి. అట్ట మీద అచ్చేసిన అంకె, ఆయన చెప్పిన అంకె ఒకటే అయితే, డైరెక్టరు గారే స్వయంగా ఆ వాక్యం కొట్టేస్తారు.

"ఇవాళ్టితో తేలిపోతుంది," అన్నారు మీటరు గారు, బూట్లు తొడుక్కుంటూ.

ఆయన భార్య హాల్లో కిటికీ తెరల వైపు చూసింది. మూడేళ్ళ కిందట ఇంటి ప్లానులోని కిటికీ కొలత చూసి, ఆయన ఆఫీసు కర్ర ఇంటికి తెచ్చి మరీ కొలిచి కత్తిరించిన గుడ్డ అది. కిటికీ అడుగు దాకా రావలసిన తెరలు అరజానెడు పైనే ఆగిపోయాయి. ఆ సందులోంచి ఎదురింటివాళ్ళకి వీళ్ళింట్లో సోఫా కనపడుతూనే ఉంటుంది. "తెరల సంగతి కూడా ఎప్పుడో ఒకప్పుడు తేలితే బావుణ్ణు," అందావిడ.

"ఎన్నిసార్లు చెప్పాలి, తెరలు సరిగ్గానే ఉన్నాయి. కిటికీ తప్పు. కట్టినవాడు పొడుగ్గా పెట్టాడు," అని ఆయన బయటపడ్డారు.

దుకాణంలో డాక్టరమ్మ అప్పటికే ఉన్నారు. దుకాణం ఆవిడ అరవై దాటిన మనిషి, ఎండకి కమిలిన చేతులు. ముప్పయ్యేళ్ళుగా సొరల్ని పడుతోందట. ఆవిడ పదమూడు అడుగుల రాడ్డు తీసి ఇద్దరి ముందూ పెట్టింది. మీటరు గారికి దాన్ని చూడగానే మొదట వచ్చిన సందేహం, ఇది మా అల్మారాలో పట్టదే అని. కాస్త పొట్టిది లేదా అని అడిగారు. ఒడ్డున విరిగే అలల మీద లైను ఆనకుండా ఎత్తి పట్టుకోవాలంటే ఆ పొడవు ఉండాల్సిందేననీ, పొట్టిదైతే ప్రతి అలా లైనుని గుంజుతుందనీ ఆవిడ చెప్పింది. అయినా ఈయన, కోస్తే ఏమవుతుందని అడిగారు. డాక్టరమ్మ తల పక్కకి తిప్పుకున్నారు. అది అయిదు ముక్కలుగా విడదీసేదేనని తెలిశాక ఆయన మనసు కుదుటపడింది.

రీలు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. అందులో ఒక బ్రేకు ఉంటుంది. సొర గట్టిగా లాగితే రీలు కొంత బిగువు మీద లైను వదులుతూ పోవాలి. మరీ బిగిస్తే లైను తెగుతుంది, మరీ వదిలేస్తే సొర అలసిపోదు. మీటరు గారు అంతా విని, ఇండెంటు చీటీ లేకుండా సరుకు వదిలే యంత్రాన్ని తన జన్మలో చూడలేదన్నారు. అలా ఎంత వదిలిందో సంతకం ఎవరు పెడతారని కూడా అడిగారు. సొర పెడుతుందని దుకాణం ఆవిడ నవ్వకుండా చెప్పింది. ఆఖరికి డాక్టరమ్మే పెద్ద రీలు ఒకటి తిప్పి చూసి, అది చాలన్నారు.

ఇక లైను. సన్నగా, బూడిదరంగులో అల్లిన దారం, ఎనభై కిలోల బరువుకి గానీ తెగదు. సన్నగా ఉండటం వల్లే రీలులో అంత పొడవు పడుతుంది. దాని చివర మందపాటి నైలాను కొంత, గాలం దగ్గర ఉక్కు తీగ కొంత కట్టుకోవాలి. సొర ఒళ్ళు గరుకు, పళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అట్ట మీద తొమ్మిది వందల మీటర్లని అచ్చు ఉంది, సీలు ఉంది. మీటరు గారు దాన్ని అక్కడే విప్పి కొలుద్దామన్నారు. దుకాణం ఆవిడ తన దుకాణం పొడవు చూపించి, రేపు పొద్దున్న దాకా పడుతుందండి, కంపెనీ సీలు కదా, నమ్మొచ్చు అంది. నమ్మడమా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా అనుకుంటూ ఆయన డబ్బాని చంకలో పెట్టుకుని ఆఫీసుకి నడిచారు. సాయంత్రం నాలుగింటికి పోటు, ఆ వారం దాటితే సొరలు ఒడ్డు దగ్గరికి రావని డాక్టరమ్మ వెనకనుంచి చెబుతూనే ఉన్నారు.

ఆఫీసులో స్టోరు గది నడవాకి ఒక చివర, డైరెక్టరు గారి గది రెండో చివర. తలుపు పిడి నుంచి తలుపు పిడికి సరిగ్గా యాభై కర్రలని మీటరు గారు రెండేళ్ళ కిందటే కొలిచిపెట్టుకున్నారు. డైరెక్టరు గారు టూరు వెళ్ళారని టూరు రిజిస్టరులో ఉంది కాబట్టి ఆయన తలుపుతో ఎవరికీ పని లేదు. లైను కొసని ఆ పిడికి కట్టి, అటెండరు చేత నడవా పొడుగునా అటూ ఇటూ తిప్పించి, రెండు పిడులకీ చుట్టిస్తూ పోయారు. ప్రతి మలుపులోనూ లైను మీద స్టాంపు ప్యాడు ఎర్రసిరా ఒక చుక్క పెట్టారు. పద్దెనిమిది తిరుగుళ్ళకి తొమ్మిది వందలు పూర్తి కావాలి.

పద్దెనిమిది పూర్తయ్యాయి. డబ్బాలో లైను ఇంకా ఉంది.

పంతొమ్మిదోది కూడా పూర్తయింది. ఇంకా ఉంది. మిగిలిన ముక్కని కర్రతో కొలిస్తే ఇరవై మూడు వచ్చాయి. మొత్తం తొమ్మిది వందల డెబ్భై మూడు. మీటరు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తక్కువ వస్తే రాయడానికి రిజిస్టరులో ఒక గడి ఉంది. ఎక్కువ వస్తే గడే లేదు. లోకంలో ఏ వ్యాపారి అయినా డెబ్భై మూడు మీటర్లు ఊరికే ఇస్తాడా? ఇది ఆ లైను కాదు, ఇంకేదో నాసిరకం సరుకుని ఈ డబ్బాలో పెట్టి సీలేశారు, పోయినేడు నాకు పెద్ద ఉండ అంటగట్టింది కూడా ఈ కంపెనీయే అయ్యుంటుంది అని నిర్ణయించుకున్నారు. మళ్ళీ ఒక్కొక్క తిరుగుడూ లెక్కపెట్టారు. పంతొమ్మిదే. అటెండరు భోజనానికి వెళతానంటే సరేనని, లైనుని అలాగే ఉంచి, "కొలత జరుగుచున్నది, ముట్టరాదు" అని కాయితం అంటించి, కంపెనీకి ఘాటైన ఉత్తరం రాయడానికి కూర్చున్నారు.

ఒంటిగంటకి బల్ల మీద ఫోను మోగింది. "నా తలుపు ఎందుకు తెరుచుకోవట్లేదు?" అంది ఒక గొంతు.

"ఎవరండీ మాట్లాడేది?"

"డైరెక్టర్ని."

మీటరు గారు టూరు రిజిస్టరు దగ్గరికి లాక్కుని చూసుకున్నారు. "డైరెక్టరు గారు టూర్లో ఉన్నారు. రేపు గానీ రారు. మీరెవరో సరిగ్గా చెప్పండి."

టూరు నిన్న రాత్రే రద్దయిందనీ, పొద్దున్న ఎనిమిదింటి నుంచీ తాను ఈ గదిలోనే కూర్చుని ఉన్నాననీ ఆ గొంతు చెప్పింది. రిజిస్టరులో కొట్టివేత లేదు కాబట్టి ఆ మాట ఒప్పుకోవడం కుదరదని మీటరు గారు మర్యాదగానే చెప్పి ఫోను పెట్టేశారు. ఆ మరుక్షణం స్ప్రింగు బిగించిన స్టోరు తలుపు దానంతటది కాస్త బయటికి తెరుచుకుని, ఠప్పున మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. అవతల డైరెక్టరు గారు తన తలుపుని లోపలికి గుంజుతున్నారు, ఇవతల ఈ తలుపు ఊగుతోంది. ఎవరో తన లైనుతో ఆటలాడుతున్నారని మీటరు గారికి ఒళ్ళు మండి, పిడి పట్టుకుని రెండు చేతులా వెనక్కి లాగారు. అవతల మనిషి కూడా పట్టు వదల్లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా అయిదు నిమిషాలు లాక్కున్నారు.

ఈలోపు డాక్టరమ్మ వచ్చారు. వాహనం చీటీ మీద డైరెక్టరు గారి సంతకం కోసం, ఒక చేత్తో చీటీ, రెండో చేత్తో ఎర చేపల బక్కెట్టు పట్టుకుని పక్క మెట్లెక్కి నడవాలోకి వేగంగా మలుపు తిరిగారు. సన్నటి బూడిదరంగు లైను ఆవిడకి కనపడలేదు. బక్కెట్టు ఎగిరింది, చేపలు నడవా అంతా జారాయి, ఆవిడ పంతొమ్మిది వరసల మీద వాలి బట్టల తాడు మీది దుప్పటిలా ఆగారు. లేచి నిలబడి, సంచీలోంచి చాకు తీశారు.

మీటరు గారు పరుగున వచ్చి లైనుకి అడ్డంగా నిలబడ్డారు. "ముందు నన్ను కోయండి. ఇది ఇంకా రిజిస్టరులో ఎక్కలేదు."

లోపలున్నది డైరెక్టరు గారని ఆవిడ చెప్పారు. టూరు రిజిస్టరు చూశానని ఆయన చెప్పారు. అప్పుడు తలుపు వెనకనుంచి డైరెక్టరు గారి దగ్గు వినిపించింది. ఇరవయ్యారేళ్ళుగా విన్న దగ్గు. మీటరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా లైను కోయనివ్వలేదు. కంపెనీ మోసం బయటపడిందనీ, తొమ్మిది వందలకి బదులు తొమ్మిది వందల డెబ్భై మూడు ఉందనీ, సాక్ష్యం ఇలా విప్పి ఉండగానే డైరెక్టరు గారు చూడాలనీ అన్నారు. తలుపు తీస్తే చూస్తానని లోపలినుంచి జవాబు వచ్చింది.

డాక్టరమ్మ చాకు మూశారు. "డెబ్భై మూడు ఎక్కువొచ్చిందా? ఆ కర్ర ఇటివ్వండి," అన్నారు.

ఆవిడ సొరల్ని కొలిచే స్టీలు టేపు తీసి కర్ర పక్కన పరిచారు. కర్ర కొస తొంభై రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది.

"మీ టేపు సాగింది," అన్నారు మీటరు గారు. ఆయన గొంతులో ఇంకా కోపమే ఉంది. స్టోరులోకి వెళ్ళి, తన చేత్తో తాళం వేసిన అరలోంచి, తన చేత్తో రిజిస్టరులో ఎక్కించిన కొత్త టేపు తెచ్చి సీలు తెంపారు. తొంభై రెండున్నర. ఇంకొకటి తెచ్చారు. తొంభై రెండున్నర. మూడోదాని సీలు కూడా తెంపారు, అదీ తొంభై రెండున్నరే. టేపులన్నీ కూడబలుక్కున్నాయని అనబోయి ఆగిపోయారు.

భోజనం చేసి వచ్చిన అటెండరు ఎర చేపల మధ్య నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "సార్, ఆ ఇనప అల్మారా కొత్తగా వచ్చినప్పుడు కర్ర పట్టలేదని వడ్రంగిని పిలిచాం, జ్ఞాపకం ఉందా? ఆరేళ్ళయింది," అన్నాడు మెల్లగా.

మీటరు గారి స్టోరులో ఏ కాయితమైనా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. అది ఆయన గొప్ప. ఆ రోజు ఒక నిమిషంలోనే దొరికింది. "మీటరు కర్ర అల్మారాలో పట్టనందున, పట్టునట్లు సరిచేయవలెను" అని వడ్రంగికి రాసిన చీటీ. కింద తేదీ, ఆయన సంతకం. వడ్రంగి పాపం చెప్పినట్టే చేశాడు. ఒక కొస బెత్తెడు కోసి, ఇత్తడి తొడుగు మళ్ళీ చక్కగా బిగించి ఇచ్చాడు. మీటరు గారు దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డారు. ఆరేళ్ళ తాళ్ళు, గొట్టాలు, గుడ్డలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఏడాదిగా పెంచుకున్న కోపమంతా ఒంట్లో అలాగే ఉంది, ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"ఏం తేలింది?" అని అడిగారు తలుపు వెనకనుంచి డైరెక్టరు గారు.

మీటరు గారే లేచి వెళ్ళి తలుపుకి దగ్గరగా నిలబడి, "తప్పు నాదే సార్. డాక్టరమ్మ గారు రాసింది నిజం," అన్నారు. అంత మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో, ఆ పక్కనే ఉన్న డాక్టరమ్మకి తెలిసింది. ఆవిడ ఏడాదిగా దాచుకున్న మాటలు బోలెడున్నాయి గానీ ఒక్కటీ అనలేదు. ముందు లైను రీలుకి చుట్టండి, పోటు మన కోసం ఆగదు అన్నారంతే.

తొమ్మిది వందల మీటర్లనీ ఒక్కొక్క వరస విప్పుతూ రీలుకి చుట్టడానికి ముప్పావుగంట పట్టింది. మీటరు గారు చుట్టారు, అటెండరు పిడుల దగ్గర చుట్లు వదులు చేశాడు, డాక్టరమ్మ చేపలు ఏరుకున్నారు. తలుపు తెరుచుకోగానే డైరెక్టరు గారు బయటికి వచ్చి, ఏమీ అడగకుండా వాహనం చీటీ మీద సంతకం పెట్టి, నేరుగా బాత్రూము వైపు నడిచారు. వెళ్ళబోతున్న డాక్టరమ్మ మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూశారు.

"మీరూ రండి. లైను మీద చుక్కలు పెట్టింది మీరే కదా, లెక్కపెట్టడానికి మనిషి కావాలి."

పోటు మొదలైన గంటకి సొర పట్టింది. రాడ్డు వంగింది, రీలు కీచుమంటూ లైను వదలడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ నడుముకి పటకా బిగించుకుని కాళ్ళు ఇసకలో పాతుకుని నిలబడ్డారు. దుకాణం ఆవిడ చెప్పిందంతా ఇప్పుడు మీటరు గారికి అర్థమైంది. అలల మీంచి లైనుని ఎత్తి పట్టింది ఆ పొడుగు రాడ్డే. ఇండెంటు లేకుండా సరుకు వదులుతున్నది ఆ బ్రేకే. ఆయన పక్కన వంగి, రీలు మీంచి జారిపోతున్న ఎర్రచుక్కలు లెక్కపెట్టారు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. సొర ఆగలేదు. పది, పదకొండు.

పన్నెండో చుక్క వెళ్ళిపోయింది. పోయినేడు తాను ఇచ్చిన లైను సరిగ్గా ఇక్కడితో ఆఖరు. పన్నెండు నడవాలు, ఆరు వందల కర్రలు. అప్పుడు ఈ చోట ముడి పుటుక్కుమంది, ఈవిడ ఖాళీ రీలు పట్టుకుని ఇలాగే ఈ ఇసకలో నిలబడి ఉంటారు. రీలులో ఇంకా లైను ఉంది, అది వెళుతోంది, పదమూడో చుక్క కోసం ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ చుక్క రాలేదు. రీలు నెమ్మదించి, ఆగింది. లైను ఒక్కసారి వదులైంది.

"తిరిగింది," అన్నారు డాక్టరమ్మ.

పదమూడో చుక్క అంటే అసలైన ఆరు వందల మీటర్లు. ఆవిడ ఏడాది నుంచి చెబుతున్నది అక్షరాలా అదే.

సొరని ఒడ్డు నీళ్ళలోకి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ తోక దగ్గర టేపు పట్టుకుని, రెండో కొస మీటరు గారికి అందించారు. అటెండరు వెనకనుంచి, కర్ర కూడా బండిలో వేశాను సార్, తేనా అని అడిగాడు. ఆయన వినిపించుకోలేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, టేపు కొసని సొర ముక్కుకి ఆనించి, రెండు మీటర్ల నలభై అని చెప్పారు. బిళ్ళ తగిలించి వదలగానే అది ఒక్క ఊపులో వెళ్ళిపోయింది.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆయన పాత నివేదిక తీయించారు. డైరెక్టరు గారు జాలిపడి, వచ్చే నెల వెళ్ళిపోతున్నారు కదా, ఆ వాక్యం కొట్టేస్తాలెండి అని కలం తీశారు. మీటరు గారు ఒప్పుకోలేదు. ఆ వాక్యం కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "నిజమే. కర్ర బెత్తెడు తక్కువ" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.

ఇల్లు చేరేసరికి భార్య హాల్లో ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, ఒంటినిండా చేపల వాసన. ఇవాళ ఏం తేలిందని ఆవిడ అడిగింది. ఆయన సోఫాలో కూర్చుని, తెరల కింద సందులోంచి ఎదురింటి దీపం వైపు చూశారు.

"కిటికీ తప్పేమీ లేదు," అన్నారు.